ఒంటి గంటకే రాసేసిన నాలుగు గంటల పని

విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంటికి హోమ్ కేర్ వాళ్లు రావడం మొదలై పద్దెనిమిది నెలలైంది. 2024 జూన్‌లో అమ్మకు పక్షవాతం వచ్చింది. సూర్యారావుపేట ఆసుపత్రి నుంచి ముక్కు గొట్టంతో, యూరిన్ పైపుతో ఇంటికి తెచ్చుకున్నాం. పగటి పూట పన్నెండు గంటలకు ఒక మనిషి, నెలకు 19,000 రూపాయలు. సంస్థ పేరు రాయను.

నర్సును పంపుతున్నామన్నారు. వచ్చినావిడను నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అడిగితే, "నేను ఆసుపత్రిలో ఆయాగా చేశానండీ మేడమ్" అని తనే చెప్పేసింది. పాపం, ఆమె తప్పేముంది? మూడేళ్లు చదివిన జీఎన్ఎం (జనరల్ నర్సు) వేరు, రెండేళ్ల ఏఎన్ఎం (సహాయక నర్సు) వేరు, కొద్దిపాటి శిక్షణతో వచ్చే కేర్‌టేకర్ వేరు. బిల్లులో మాత్రం అందరూ నర్సులే. ఆమె నేరుగా గొట్టంలో జావ పోయబోతుంటే ఆపాను. గొట్టం కడుపులోనే ఉందో లేదో ముందు సిరంజితో లాగి చూడాలి. తలవైపు మంచం ఎత్తాలి, పోశాక కనీసం అరగంట దించకూడదు. జావ ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. ఆసుపత్రిలో ఇవన్నీ నాకు నేర్పారు. ఆమెకు ఎవరూ నేర్పలేదు.

సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగినప్పుడు ఆమె సింగ్‌నగర్‌లో నీళ్ల మధ్య చిక్కుకుపోయింది. రాలేకపోయిందని నేనెలా అంటాను! కానీ బదులుగా ఎవరిని పంపుతారో సంస్థకే తెలియదు. మూడో రోజు వచ్చిన కొత్త అమ్మాయికి అమ్మకు షుగర్ ఉందన్న సంగతి కూడా చెప్పలేదు. ఆ రోజే ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకం కొని మంచం పక్కన పెట్టాను: ఎన్ని గంటలకు ఏ పక్కకు తిప్పారు, గొట్టంలో ఎంత పోశారు, బ్యాగులో మూత్రం ఎంత వచ్చింది.

ఆ పుస్తకమే నా కళ్లు తెరిపించింది. దసరా తర్వాత ఒకరోజు మధ్యాహ్నం ఒంటి గంటకు ఆఫీసు నుంచి చెప్పకుండా వచ్చాను. పుస్తకం తెరిచి చూస్తే "4 గంటలు, ఎడమ పక్కకు తిప్పాం" అని అప్పటికే రాసి ఉంది, కింద సంతకంతో సహా. అమ్మ వెల్లకిలా పడుకునే ఉంది. పక్కకు తిప్పి చూస్తే నడుము కింద ఎముక దగ్గర రూపాయి బిళ్లంత ఎరుపు. వేలితో నొక్కినా తెల్లబడలేదు. పడక పుండుకు మొదటి మెట్టు అదే. గాలి పరుపు ఉంది కదా అని ఆ కొత్త అమ్మాయి ధీమా. పరుపుంటే మాత్రం తిప్పనక్కర్లేదా? పైగా పంపు గట్టిగా పెట్టడంతో అది చెక్కబల్లలా ఉంది.

పర్యవేక్షకుడు వచ్చి "మరో మనిషిని పంపుతాం మేడమ్" అన్నాడు. నాకు మరో మనిషి వద్దన్నాను. ఈ అమ్మాయికే ఎలా తిప్పాలో దగ్గరుండి చూపించండి, వారానికోసారి మీరే వచ్చి ఆ ఒళ్లు చూడండి అని పట్టుబట్టాను. గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. రెండు గంటలకోసారి తిప్పడం నిజంగా మొదలయ్యాక ఎరుపు పుండు కాకుండానే తగ్గింది. ఇప్పుడు మామ్మగారికి ఏ పక్క ఇష్టమో ఆ అమ్మాయికే తెలుసు, నాకంటే బాగా.

నెలకోసారి యూరిన్ పైపు మార్చడానికి వచ్చే నర్సు పనిలో వంక పెట్టలేను. చేతులు కడుక్కునే తీరే చెబుతుంది, మోచేతుల దాకా, తొందర లేకుండా. బ్యాగును నడుము కంటే కిందే ఉంచమని ఇంట్లో అందరికీ నేర్పింది. ఇన్సులిన్ సూదులు మాత్రం మొదట్లో కేర్‌టేకర్ మామూలు చెత్తలో వేసేది. పొద్దున్నే చెత్త ఎత్తే మనిషి చెయ్యి ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు, నేను కూడా. ఇప్పుడు మందమైన ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండాక నర్సుకే ఇచ్చి ఆసుపత్రికి పంపుతున్నాం.

ఈ సేవకు ఐదుకు మూడు మార్కులు ఇస్తాను. ఆ మూడూ మనుషులకే. ఆదివారం సెలవుకు బదులు మనిషిని పంపుతామని ఒప్పందంలో రాసిన సంస్థ, నిన్న ఆదివారం కూడా ఫోను ఎత్తలేదు.