ఎస్ఓపీకి డబ్బు కట్టేముందు ఇది ఒక్కసారి చదవండి

"ఎస్ఓపీ మేమే రాసిపెడతాం" అనే కన్సల్టెన్సీకి డబ్బు కట్టబోతున్నారా? దయచేసి ఒక్క రోజు ఆగండి. ఎస్ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) అంటే ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో చెబుతూ విదేశీ యూనివర్సిటీకి అప్లికేషన్‌తో పాటు పంపే లెటర్. ఈ ఏడాది మా చెల్లికి జరిగింది రాస్తున్నాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి వాళ్ళ పేరు ఇక్కడ పెట్టడం లేదు.

చెల్లి గుంటూరులో బీటెక్ చేసింది. అమెరికాలో ఎంఎస్ కోసమని అమీర్‌పేటలో ఒక ఆఫీసుకు వెళ్ళాం. అయిదు యూనివర్సిటీలకు ఎస్ఓపీలు, 22,000 రూపాయలు. చేతికి ఒక ఫారం ఇచ్చారు. నాన్న ఏం చేస్తారు, పర్సంటేజీ ఎంత, హాబీలు ఏంటి, ఈ కోర్సు ఎందుకు? దీనికి రెండు గీతల జాగా. "మిగతాది మా రైటర్లు చూసుకుంటారమ్మా, అక్కడ ఎవరూ పూర్తిగా చదవరు" అన్నారు. నమ్మాం.

నాలుగు రోజుల్లో లెటర్లు వచ్చాయి. చిన్నప్పుడు నాన్న పాత రేడియో విప్పుతుంటే పక్కన కూర్చుని చూసిందట, ఆ వైర్లు చూశాకే టెక్నాలజీ మీద ఇష్టం పుట్టిందట. మా ఇంట్లో ఏనాడూ రేడియో లేదు. నాన్న మిర్చి యార్డులో గుమాస్తా. చెల్లి అదే అడిగితే, "ఒక స్టోరీ ఉండాలి మేడమ్, అందరూ ఇలాగే పెడతారు" అన్నారు. డెడ్‌లైన్ టెన్షన్‌లో మూడు చోట్లకు అలాగే పంపేశాం. అక్కడ మేమూ తప్పు చేశాం.

ఫిబ్రవరిలో ఒక యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. మీ స్టేట్‌మెంట్ వేరే అప్లికేషన్‌తో చాలావరకు కలుస్తోంది, అందుకని మీ అప్లికేషన్ పరిశీలించడం లేదు అని. కట్టిన 85 డాలర్లు పోయాయి. ఆ రాత్రే హాస్టల్లో చెల్లి స్నేహితురాలు తన లెటర్ తెరిచి చూసుకుంది. తనూ అదే ఆఫీసుకు వెళ్ళింది. అదే రేడియో, అవే వైర్లు, కామాలతో సహా. చెల్లిదే ఇంకో లెటర్‌లో మొదటి పేరాలో యూనివర్సిటీ పేరు మార్చారు, చివరి పేరాలో మార్చలేదు. అప్పటికే అది పంపేసి ఉన్నాం.

డబ్బు వెనక్కి అడిగితే "రాసిచ్చాం, మీరు ఓకే అన్నారు" అన్నారు. ఎవరిదో సొంత నంబర్‌కు జీపే చేశాం, బిల్లు లేదు.

ఇది దొరకదు అనుకోకండి. చాలా యూనివర్సిటీలు వ్యాసాలను సాఫ్ట్‌వేర్‌లో వేసి పోల్చి చూస్తాయి. బ్రిటన్‌లో డిగ్రీ అడ్మిషన్లు చూసే యూకాస్ 2007లో ఇలా పోల్చి చూస్తే, 234 మంది ఒకే సంగతి రాశారని తేలింది: ఎనిమిదేళ్ళ వయసులో పైజామాకు చిల్లు పడేలా కాల్చుకున్నామని. మా రేడియో కూడా అలాంటిదే. పైగా అమెరికా వీసా ఇంటర్వ్యూలో "ఈ యూనివర్సిటీయే ఎందుకు" అని అడిగితే, ఎవరో రాసిన కారణం పిల్ల నోటి నుంచి ఎలా వస్తుంది?

మిగిలిన రెండు చోట్లకు చెల్లి తనే కూర్చుని రాసింది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో ఫోన్ ఫోటో చూసి మంచి మిర్చిని, తాలు కాయల్ని వేరు చేసే ప్రోగ్రామ్ చేసింది. తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయలు, ధర బాగా తగ్గిపోతుంది. మధ్యాహ్నం ఎండలో తీసిన ఫోటోల్లో మంచి తేజ రకం కాయల్ని కూడా ప్రోగ్రామ్ తాలు అనేది. రెండు వారాలు కారణం దొరకలేదు. చివరికి ప్రతి ఫోటోలో కాయల పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి, దాన్ని బట్టి రంగు సరిచేసింది. తప్పులు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. అది ఎందుకు పోలేదో, అది తేల్చుకోవడానికి ఆ కోర్సులో ఏ సబ్జెక్టు కావాలో రాసింది. పేజీన్నర. ఇంగ్లిష్ తప్పులు మాత్రం తన లెక్చరర్ దిద్దారు. ఇంకా జవాబు రాలేదు. కానీ ఆ పేజీన్నరలో ఏ వాక్యం గురించి అడిగినా తను పది నిమిషాలు మాట్లాడగలదు. ఆ 22,000 రూపాయల లెటర్లలో ఈ ప్రాజెక్టు ప్రస్తావన ఒక్క వాక్యం, అదీ మిర్చి అన్న మాట లేకుండా.

జర్మనీకి వెళ్ళేవాళ్ళు ఎస్ఓపీలాగే పంపే మోటివేషన్ లెటర్‌కూ ఇదే వర్తిస్తుంది. అక్కడ బీటెక్‌లో చదివిన సబ్జెక్టులు ఆ కోర్సుకు ఎలా సరిపోతాయన్నది బాగా చూస్తారు. రేడియో కథతో అక్కడ పని జరగదు.

ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే వాట్సాప్ చాట్, పేమెంట్ స్క్రీన్‌షాట్, వాళ్ళు పంపిన ఫైళ్ళు దాచుకోండి, ఏదీ డిలీట్ చేయకండి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, రెండేళ్ళలోపు వేయాలి. మేం వేశాం.

మీ లెటర్ ఇంకా పంపకపోతే ఈ రాత్రే తెరిచి మొదటి పేరా చూడండి. అందులో నాన్న, పాత రేడియో ఉంటే పంపకండి, నాకు మెసేజ్ చేయండి. ఒప్పుకుంటే మా ఫిర్యాదుకు మీ కాపీ కూడా జత చేస్తాను.