చందాల యాప్ వాడి చూసినం, ఐదుకి రెండున్నర

యాప్ పేరు రాస్తలేను, అడిగినా చెప్పను. దవాఖాన బిల్లుల కోసం ఆన్‌లైన్ల చందాలు వసూలు చేసే యాప్, యూట్యూబ్‌ల వీడియోల నడుమ చిన్నపిల్లలు ఏడ్సే యాడ్‌లు వస్తయి గదా, ఆ బాపతుది. 2024 ల మా వదినకు రొమ్ము క్యాన్సర్ అని తేలినప్పుడు నేనే డౌన్‌లోడ్ చేసి నేనే క్యాంపెయిన్ పెట్టి నాలుగు నెలలు దాంతోని కుస్తీ పట్టిన. మాది నల్లగొండ నుంచి మునుగోడు పోయే రోడ్డుకు లోపటికున్న ఊరు, నాకు క్లాక్ టవర్ కాడ జిరాక్స్ షాపు ఉంది, కాయితాల పని నాకు కొట్టిన పిండే అనుకున్న. కాదు.

ముందుగాల అందరు అడిగింది ఆరోగ్యశ్రీ లేదా అని. లేదు. పెండ్లయినంక వదిన పేరు దేవరకొండ దిక్కు వాళ్ళ అమ్మగారి రేషన్ కార్డుల నుంచి తీపిచ్చినం, మా కార్డుల ఎక్కిద్దామంటే కొత్త కార్డులు కొత్త పేర్లు ఏండ్లకేండ్లు ఆగిపోయె. అప్లికేషన్ పెట్టుడు, పెండింగ్ అని చూసుకునుడు, గిదే కథ. 2007 ల ఈ స్కీమును మొట్టమొదలు పెట్టిన మూడు జిల్లాల్ల మన పక్క జిల్లా పాలమూరు ఒకటి, అంటే ఇక్కడోళ్ళకు ఇది కొత్త ముచ్చట ఏం కాదు, అయినా కార్డుల పేరు లేదంటే ఇగ నువ్వు లేనట్టే. 2023 డిసెంబర్ 9 న ఆరోగ్యశ్రీని ఐదు లక్షల నుంచి పది లక్షలు చేసిన్రు, అదే రోజు ఆడోళ్ళకు బస్సు ఫ్రీ కూడా పెట్టిన్రు, ఆ రెండిట్ల మా వదినకు దక్కింది బస్సు ఒక్కటే. ప్రైవేటు ఇన్సూరెన్స్ కూడా లేదు, మా అన్న డీసీఎం నడుపుతడు, బండికి ఇన్సూరెన్స్ ఉంది మనిషికి లేదు.

హైదరాబాద్‌ల ఒక ప్రైవేటు దవాఖానల ఆపరేషన్ అయింది, పుస్తెలతాడు బ్యాంకుల పడ్డది, తర్వాత 21 రోజులకొక కీమో, మొత్తం 8 అన్నరు. అప్పుడు యాప్ పెట్టిన, టార్గెట్ ఆరు లక్షలు.

పెట్టుడు అల్కనే, పది నిమిషాల పని. వెరిఫికేషన్ కాడ ఉంటది అసలు సినిమా. బయాప్సీ రిపోర్టు, దవాఖానోళ్ళ ఖర్చు అంచనా లెటర్, ఆధార్, పాస్‌బుక్ అన్ని ఎక్కించినంక రిజెక్ట్ అయింది, ఎందుకంటే ఆధార్ల వదిన ఇంటిపేరు పుట్టింటిది, దవాఖానల రాయించింది మా ఇంటిపేరు. పెండ్లయిన ఆడోళ్ళల్ల సగం మందికి ఇట్లనే ఉంటది గదా, మరి యాప్ చేసినోళ్ళకు ఈ సంగతి తెల్వదా? దవాఖాన నుంచి ఇద్దరు ఒకటే మనిషి అని లెటర్ తెచ్చి పెడితే మళ్ళ రిజెక్ట్, లెటర్ మీద స్టాంపు సరిగ కనిపిస్తలేదంట. మూడోసారి నా షాపులనే స్కాన్ చేసి పంపిన, ఓకే అయింది. పదకొండు రోజులు పోయినయి, మీరు పెడ్తే మాత్రం ముందే దవాఖానల ఆధార్ మీద ఎట్లుంటే అట్లనే రాయిపిచ్చుండ్రి.

ఇగ ఫోటో ముచ్చట. యాప్ నుంచి ఒకాయన ఫోన్ చేసిండు, మంచిగనే మాట్లాడిండు, సార్ పేషెంట్ ఫోటో మార్చాలె అన్నడు. మేము పెట్టింది బతుకమ్మప్పటిది, వదిన ఆకుపచ్చ పట్టుచీర కట్టుకొని తంగేడు పూల పళ్ళెం పట్టుకొని నవ్వుతుంటది. ఇట్లాంటి ఫోటోకు పైసలు రావు సార్, బెడ్ మీద ఉన్నది, జుట్టు పోయినంక తీసింది, పక్కన పిల్లలు ఉంటే ఇంకా మంచిది అన్నడు. నాకు చెప్పబుద్ధి కాలే గానీ స్పీకర్ ఆన్‌ల ఉండె, వదిన వినింది. కీమో అయి రెండో రోజు, నోట్ల పుండ్లు, మజ్జిగ కూడా పోతలేదు, అయినా లేచి కూసొని "తమ్మీ, గుండు ఫోటో పెడితే వచ్చే పైసలు నాకొద్దు, మా అమ్మ చూస్తది అది, పెడితే ఈ ఫోటోనే పెట్టు లేకుంటే తీసేయ్" అన్నది. అదే ఫోటో ఉంచినం. ఆయన ఇంకో రెండుసార్లు చేసిండు, తర్వాత యాడ్‌లు వేస్తం, వచ్చినదాంట్ల నూటికి ఇరవై మాకు అన్నడు. వద్దన్న. ఆ మాట ఒప్పుకోకుండ్రి ఎవరు కూడా.

టిప్ అని ఇంకోటి ఉంటది. మనం 500 పంపుదామని నొక్కితే కింద చిన్నగ యాప్‌కు టిప్ అని ముందే ఎక్కించి ఉంటది, అది సున్నా చెయ్యాలంటే వెతుక్కోవాలె. మా దోస్తు ఒకడు 500 ఇచ్చి 570 కట్ అయినంక నాకు ఫోన్ చేసి, ఆ డెబ్బై మీ వదినకేనా అని అడిగిండు. ఏం చెప్పాలె?

లెక్క: మొత్తం వచ్చింది 1,86,400. వాళ్ళ ఫీజు నూటికి ఐదు, పేమెంట్ గేట్‌వే మూడు, ఆ రెండిటి మీద జీఎస్టీ పద్దెనిమిది, అన్ని పోను చేతికి 1,68,804. పైసలు ఇచ్చినోళ్ళ లిస్టు పేపర్ మీద ప్రింట్ తీసి కూసొని పెన్నుతోని టిక్కులు పెట్టిన. 212 మందిల మాకు అసలే తెల్వనోళ్ళు 19 మంది, వాళ్ళిచ్చింది 11,350. మిగతాదంత వదినతోని పదో తరగతి చదివినోళ్ళు, మా అన్న లోడ్ ఏసే బత్తాయి మార్కెట్ వ్యాపారులు, దుబాయ్‌ల ఉన్న మా చిన్నాయన కొడుకు, వాడు చెప్తే వాడి రూమోళ్ళు. అంటే దేశం మొత్తం మీకు సాయం చేస్తది అన్నట్టు యాడ్‌ల చూపిస్తరు గానీ వచ్చేది మనోళ్ళే, యాప్ మధ్యల సంచి పట్టుకొని నిలబడ్డది గంతే.

మరి రెండున్నర ఎందుకు ఇస్తున్న అంటే ఆ సంచి పనికొచ్చింది కాబట్టి. దూరమున్నోళ్ళకు నమ్మకం, బిల్లు ఎక్కిస్తే అందరికి కనిపిస్తది, నేను తిన్ననా మా అన్న తిన్నడా అని ఎవరు అనలే. పైసలు నేరుగ దవాఖాన అకౌంట్ల కూడా ఏసిన్రు, తొమ్మిది రోజులు పట్టింది, మూడో కీమో డేటు అంతల వచ్చింది, అది వేరే సంగతి. ట్యాక్స్ తగ్గించుకునుడికి 80జి రసీదు మాత్రం ఇట్ల మనిషి పేరు మీద పెట్టిన క్యాంపెయిన్‌కు రాదు, ఒక సారు అడిగితే అప్పుడు తెలిసింది.

ఊర్ల జరిగింది ఈ యాప్ పక్కకు పెట్టి పోల్చి చూడుండ్రి. మా ఊరి కిరాణ శేటు ఎవరు అడగకముందే ఒక కొత్త నోటుబుక్కు తీసి పసుపు బొట్టు పెట్టి కౌంటర్ మీద పెట్టిండు, పెండ్లిల కట్నాలు రాస్తరు గదా అట్ల. పేరు, తండ్రి పేరు, రూపాయలు. టిప్ లేదు, ఫోటో లేదు. ఆటో అడ్డావోళ్ళు ఒకరోజు కిరాయి మొత్తం తెచ్చి రాయిపిచ్చిన్రు. కూలికి పోయే ముసలవ్వ ఒకామె 51 రాయిపిచ్చింది, శేటు వద్దవ్వా అంటే నాకు రాయవా అని కొట్లాడింది. మహిళా సంఘంల అప్పు వేరే తీసుకున్నం, అది ఇంకా కడుతున్నం. బుక్కు మొత్తం 1,43,000 దాటింది. దానికీ ఒక తిప్పలుంది, ఇగ జీవితాంతం ఆ బుక్కు పట్టుకొని తిరగాలె. మొన్న వెయ్యి రాయిపిచ్చినాయన బిడ్డ పెండ్లయితే మా అన్న పోయి 1,500 రాయిపిచ్చి వచ్చిండు, చేతిల లేకున్నా.

ఇంకో మాట, యాప్ కంటే ముందు నాకు ఎవరన్న చెప్పాల్సింది. లకిడికాపూల్ పక్కన రెడ్ హిల్స్‌ల ఎమ్మెన్జె ఉంది, సర్కారు క్యాన్సర్ దవాఖాన, 1955 నుంచి ఉన్నది. ఆఖరు కీమోలు, కరెంటు పెట్టుడు (రేడియేషన్) అక్కడికి మారినంకనే మేము ఊపిరి పీల్చుకున్నం. బస్సుల ఎంజీబీఎస్ దాక పోయి అక్కడ మెట్రో ఎక్కితే నేరుగ లకిడికాపూల్ల దింపుతది. ప్రైవేటుల పెట్టిన బిల్లులకు సీఎం రిలీఫ్ ఫండ్ పెట్టుకున్నం, ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసుల రాసుకున్నరు, చెక్కు వచ్చింది. దానికి ఒరిజినల్ బిల్లులు కావాలె, అందుకే యాప్‌కు స్కాన్‌లే పంపుండ్రి, ఒరిజినల్ ఒక్కటి కూడా ఎవరి చేతిల పెట్టకుండ్రి, ఇది జిరాక్స్ షాపోని మాట. రేషన్ కార్డు 2025 ల వచ్చింది, తిరుమలగిరిల మీటింగ్ పెట్టి కొత్త కార్డులు పంచిన్రు చూడు, ఆ విడతల. అప్పటికే అంత అయిపాయె.

వదిన ఇప్పుడు మంచిగున్నది, జుట్టు వచ్చింది, ముందటికంటే వంకులు తిరిగి వచ్చిందని మా అమ్మ రోజు చూసి మురుస్తది.

క్యాంపెయిన్ మూసెయ్యమని యాప్‌కు మెయిల్ పెట్టి పన్నెండు రోజులైంది, ఇంకా మూయలే, పొద్దుగాల లేవంగనే మీ క్యాంపెయిన్‌ను షేర్ చెయ్యండి అని మెసేజ్ వస్తనే ఉంది, ఆ పట్టుచీర ఫోటోతోని. మూస్తే ఇంకో అర స్టార్ పెంచుత.