క్యాజువల్: ఒంటి మీద ఒకటి, సెలవు చీటీల ఒకటి

హన్మకొండ చౌరస్తాల బట్టల షాపుకు పోయి "అన్నా, క్యాజువల్ చూపియ్యి" అంటే జీన్సు, కాలర్ లేని టీషర్టు ముందటేస్తడు. టక్ చేసుడు లేదు, ఇస్త్రీ నలిగినా నడుస్తది.

ఆఫీసుల అదే మాటకు లెక్కుంటది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగికి ఏడాదికి 15 సీఎల్‌లు, అంటే క్యాజువల్ లీవులు. డిసెంబరు 31 దాటితే మురిగిపోతయి. రెండేండ్లకోసారి మేడారం జాతరొస్తే ఏడాది మొదట్లనే రెండు మూడు ఎగిరిపోతయనుకోండి! లాటిన్‌ల 'కాసుస్' అంటే అనుకోకుండ జరిగేది. ఆ లెక్కన అసలు అర్థానికి సెలవే దగ్గర. బట్టల అర్థం తర్వాత అంటుకున్నది. అయితే జాతర సెలవు మాత్రం నెల ముందే అనుకున్నదాయె.

టీషర్టు మీద పోయి సీఎల్ చీటీ ఇస్తే మా సారు ముందు చీటీ చూడడు, టీషర్టే చూస్తడు.