పెయింట్ రిమూవర్ జెల్, ఒక లీటరు: నాలుగు స్టార్లు

నేను ఈ డబ్బా కొన్నది తలుపులకో కిటికీలకో కాదు, పాత బెంచ్ డ్రిల్లింగ్ మెషిన్‌కు. బెంగళూరులో ఫ్యాక్టరీలుండే పీణ్యాలో మెయింటెనెన్స్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. దాసరహళ్ళిలో ఇంటి కింద కారు షెడ్డే ఇప్పుడు నా వర్క్‌షాపు (కారు లేదు లెండి). మెషిన్ గుజిరీలో, అంటే పాత ఇనుము అంగట్లో, తూకానికి దొరికింది. స్పిండిల్ బాగుంది, బేరింగులు మారిస్తే చాలు. రంగే ఘోరం.

ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ఆయుధపూజ వస్తోందంటే మెషిన్ల మీద ఒక కోటు పడుతుంది. గ్రీజు మీద, తుప్పు మీద, ఒక్కోసారి నిరుటి కుంకుమ బొట్టు మీదే. నేనూ వేశాను, అబద్ధమెందుకు. దీనికి పెచ్చు ఊడినచోట చూస్తే బూడిదరంగు కింద ఆకుపచ్చ, దాని కింద మళ్ళీ బూడిద, ఆ కింద నీలం, అట్టడుగున తుప్పు పట్టకుండా వేసే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్.

ఎస్.జె.పి. రోడ్డు అంగట్లో కుర్రవాడు "గ్రైండర్‌కు వైరు బ్రష్ వేసి కొట్టేయండి అన్నా, అరగంట పని" అన్నాడు. వద్దన్నాను. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పదిలక్షల్లో 90 వంతులు) దాటకూడదనే నిబంధన మన దగ్గర అమల్లోకి వచ్చిందే 2017 నవంబరులో. ఫ్యాక్టరీ మెషిన్ మీది పాత రంగులో ఎంతుందో ఎవరు చూశారు? ఆ దుమ్ము లేపితే మేడమీద ఆరేసిన బట్టల మీదా, మనవరాలి మీదా పడుతుంది. తడిగా ఊడదీయడమే మేలనుకుని ఈ జెల్ తీసుకున్నాను. 380 రూపాయలు.

పని మాత్రం చేస్తుంది. పాత బ్రష్‌తో మందంగా పూసి, పూసినచోట మళ్ళీ రుద్దకుండా పాలిథిన్ కవరు కప్పాలి. డబ్బా మీద పది నిమిషాలన్నారు, పదికి పై కోటు మాత్రమే కదిలింది. నలభై నిమిషాలు ఆగితే కాచిన పాల మీద మీగడలా ముడతలు పడి లేచింది. లప్పం బ్లేడుతో తోస్తే పై నాలుగు పొరలూ ఒక్కసారే వచ్చాయి. ఆ నిమిషంలో అడిగి ఉంటే ఐదు స్టార్లూ ఇచ్చేసేవాణ్ణి.

తరువాత మొదలైంది. క్యాస్టింగ్ (పోత పోసిన ఇనుము) గరుకుగా ఉంటుంది కాబట్టి మెషిన్ తయారుచేసినవాళ్ళు దాని మీద లప్పం దట్టించి, నున్నగా రుద్ది, ఆపైన రంగు వేస్తారు. జెల్‌కు రంగేదో లప్పమేదో తెలియదు. బేస్ మీదా, మోటారు బిగించే చోటా లప్పం నానిన బంకమట్టిలా అయిపోయింది. సగం గీకి సగం వదిలేద్దామంటే కుదరదు, మెత్తబడిన లప్పం మీద కొత్త రంగు నిలవదు. అంతా గీకి, కొత్తగా పెట్టి, నీళ్ళ ఉప్పుకాగితంతో రుద్దేసరికి నాలుగు రోజులు పట్టింది. మీ మెషిన్ మీద రంగు గట్టిగా ఉంటే జెల్ జోలికి పోకండి. జిడ్డు వదలగొట్టి, దుమ్ము లేవకుండా తడిగానే పైపైన రుద్ది, కోటు వేసుకోండి.

ఇక ఆవిరి. దీంట్లో ఉన్నది మిథిలీన్ క్లోరైడ్. 40 డిగ్రీలకే మరుగుతుంది, దాని ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి నేలబారుగా నిలుస్తుంది. నేను పీట వేసుకుని కూర్చున్నదీ ఆ నేల మీదే. జల్లు కొడుతోందని షట్టర్ సగం దించాను. కాసేపటికి తల దిమ్మెక్కింది. మా ఆవిడ కాఫీ తెచ్చి, "ఏమండీ, కళ్ళేమిటి అలా ఉన్నాయి? ముందు బయటికి రండి" అని షట్టర్ పైదాకా ఎత్తేసింది. ఇది ఒంట్లోకి వెళ్ళాక కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుందనీ, అమెరికాలో ఇళ్ళలో వాడుకునేవాళ్ళకు రంగు తీసే ఈ మందు అమ్మకూడదని 2019లోనే నిషేధించారనీ తరువాత తెలిసింది. ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుంది, ఆవిరిని ఆపదు. మందుల షాపు గ్లవ్స్ ఉబ్బి చిరిగాయి. మిగతా భాగాలన్నీ ఆరుబయటే, వాన లేని పూటల్లో చేశాను.

ఇంకోటి. జెల్ త్వరగా ఆరిపోకుండా మైనం కలుపుతారు, అది ఇనుము మీద మిగిలిపోతుంది. తెలియక నీళ్ళతో కడిగి ప్రైమర్ కొడితే బెల్ట్ కవర్ నిండా అమ్మవారు పోసినట్టు గుంటలు. మళ్ళీ తీసి, గుడ్డ మార్చి మార్చి థిన్నర్‌తో మూడుసార్లు తుడిచాక కుదిరింది. నేమ్‌ప్లేటు ముందే విప్పి పక్కన పెట్టండి. నాది అక్షరాల్లో నలుపు పోయి బోడి రేకు మిగిలింది.

రంగు వేయడం దీని ముందు సుఖమే. టూ ప్యాక్ (రెండు డబ్బాలవి కలిపి వేసే) ఎపాక్సీ ప్రైమర్, పైన సింథటిక్ ఎనామిల్ రెండు కోట్లు, రంగులకు మన ప్రమాణమైన ఐఎస్ 5లో 632 నంబరు, డార్క్ అడ్మిరల్టీ గ్రే. వానాకాలంలో చేస్తే రంగు తీసిన రోజే ప్రైమర్ పడాలి. ఒక్క రాత్రి వదిలితే తెల్లారేసరికి ఇనుము పసుపు పూసుకుని కూర్చుంటుంది.

కోసిన ఒక్క స్టారు మందుకు కాదు, డబ్బాకు. ఆవిరి సంగతి చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో వెనకవైపు వేస్తే ఎవరు చదువుతారు? ఒక డ్రిల్లుకు ముప్పావు లీటరు పట్టింది. మిగిలింది దాచుకుంటే, మూత తీసేముందు తడిగుడ్డ చుట్టి మెల్లగా తిప్పండి. నాకు బుస్సుమని ముంజేతి మీద చిమ్మింది.