హైదరాబాద్‌లో తెల్లాపూర్ వైపు అద్దెల కోసం ఫ్లాట్ కొంటున్నారా? ఆ పసుపు షీట్ ముందు పెడితే లేచి వచ్చేయండి

రాత్రంతా నిద్ర లేదు, కోపంలో రాస్తున్నాను, అటూ ఇటూ అయితే సర్దుకోండి. నాకు ఫ్లాట్ అమ్మిన సేల్స్ ఆఫీసు పేరు రాయను. ఆ రోడ్డులో రెండు శని, ఆదివారాలు ఫ్లాట్లు చూస్తూ తిరిగిన ఎవరికైనా నేను ఎవరి గురించి చెబుతున్నానో అర్థమైపోతుంది.

2024 మార్చిలో 95 లక్షలకు టూ బెడ్‌రూమ్ తీసుకున్నాను. ఉండటానికి కాదు, అద్దెకివ్వడానికి. మేముండేది కూకట్‌పల్లిలో నాన్న కట్టిన ఇంట్లోనే. లోన్ 75 లక్షలు, 8.75 శాతం వడ్డీ, 20 ఏళ్ళు, ఈఎంఐ 66,278. రిజిస్ట్రేషన్‌కే ఏడున్నర శాతం లెక్కన ఏడు లక్షల పైన పోయాయి. ఇవన్నీ తెలిసే దిగాను, వాటి గురించి ఏడుపు లేదు.

నన్ను దింపింది ఒక ఏ4 కాగితం. ఎక్సెల్ ప్రింటవుట్, లామినేషన్ కూడా చేయించారు. మధ్యలో ఒక లైనుకు పసుపు హైలైటర్: "ఏటా పన్ను ఆదా 1,06,800". లెక్క ఇలా సాగింది. నెలకు 35 వేల అద్దె, ఏడాదికి 4.20 లక్షలు. మరమ్మతుల పేరు మీద చట్టం ఇచ్చే 30 శాతం తీసేస్తే 2.94 లక్షలు. మొదటి ఏడాది వడ్డీ 6.50 లక్షలు. అంటే ఇంటి మీద 3.56 లక్షల నష్టం. ఆ నష్టం మొత్తాన్ని మీ జీతంలోంచి తగ్గించుకోండి, 30 శాతం శ్లాబులో ఉన్నారు కాబట్టి లక్షా ఆరు వేల ఎనిమిది వందలు వెనక్కి. "అద్దె, పన్ను ఆదా పోను నెలకు మీ జేబులోంచి పడేది 22 వేలే అన్నా. అంతకి ఫ్లాట్ ఎవడిస్తాడు?" అన్నాడు అక్కడి సేల్స్ మనిషి. నిజమే కదా అనిపించింది.

నేను రెరా నంబర్ చూశాను. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాను. ఆస్తి మీద పాత లావాదేవీలు, అప్పులు చూపే ఈసీ 30 ఏళ్ళది తీయించి, లింక్ డాక్యుమెంట్లు లాయర్‌తో చదివించాను. గోడకు చెవి ఆనించి పక్క ఫ్లాట్ మిక్సీ చప్పుడు వస్తుందా అని కూడా విన్నాను. ఆ కాగితం మాత్రం ఎవరికీ చూపించలేదు.

మొన్న ఫారం 16 పట్టుకుని అమీర్‌పేటలో మా సీఏ గారి దగ్గర కూర్చున్నాను. లక్ష దాకా రీఫండ్ వస్తుందని ఇంట్లో ముందే చెప్పేశాను, మా ఆవిడ దాన్ని పాప స్కూలు ఫీజులో కలిపేసింది కూడా. ఆయన షీట్ చూసి, కళ్ళద్దాలు పైకి తోసుకుని, కింద మూలన ఉన్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టారు. "అసెస్‌మెంట్ ఇయర్ 2016-17." అంటే 2015-16 ఆదాయానికి వేసే లెక్క.

ఆ లైను నాకు కొత్త కాదు. కొనే రోజే చూశాను. ఏదో పాత ఫార్మాట్‌లే అనుకుని వదిలేశాను. పాల ప్యాకెట్ మీద తేదీ చూడకుండా కొనని వాడిని, 95 లక్షల కాగితం మీద తేదీ చూసి కూడా ఊరుకున్నాను. దీనికి ఎవరిని తిట్టాలి?

అద్దెలోంచి లోన్ వడ్డీ మొత్తం తీసేసుకోవచ్చన్నది ఇప్పటికీ నిజమే. మిగిలిన నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకుందామంటేనే తలుపు మూసేశారు. 2017 బడ్జెట్‌లోనే ఏడాదికి 2 లక్షలకు మించి కుదరదని పెట్టారు. మిగతాది ఎనిమిదేళ్ళ దాకా ముందుకు తీసుకెళ్ళొచ్చు కానీ ఇంటి ఆదాయంలోంచే తగ్గించుకోవాలి, నా వడ్డీ అద్దెను దాటినన్నాళ్ళూ ఆ ఆదాయం ఎక్కడుంటుంది? రేట్లు తగ్గించి మినహాయింపులు చాలావరకు ఎత్తేసిన కొత్త పన్ను విధానంలోనైతే జీతంలోంచి ఆ రెండు లక్షలు కూడా లేవు, ఒక్క రూపాయి తగ్గదు. 2023-24 నుంచి మనం నోరు విప్పకపోతే పడేది అందులోనే. ఏ విధానం కావాలో చెప్పమని హెచ్‌ఆర్ వాళ్ళు పంపిన మెయిల్ నేను తెరవలేదు.

పాత విధానానికి మారితేనో అని అడిగాను. ఆయన ఓపిగ్గా వేసి చూపించారు. నా జీతం 22 లక్షలు. 2024-25 శ్లాబుల ప్రకారం కొత్త విధానంలో పన్ను 3,40,600. పాత దాంట్లో పీఎఫ్, హెల్త్ ఇన్సూరెన్స్, ఈ ఇంటి 2 లక్షలు అన్నీ కలుపుకున్నా 3,58,800. ఇంటి నష్టం చూపించుకోవడానికి నేనే ఎదురు 18,200 కట్టాలన్నమాట. అద్దె కూడా 35 కాదు, వస్తున్నది 27 వేలు. నెలకు 22 వేలన్న మాట పోయి 39 వేలు అయింది.

శనివారం నేరుగా ఆ ఆఫీసుకు వెళ్ళాను. అదే ఏసీ, అదే టేబుల్, అదే మనిషి. ఎదురుగా ఒక కొత్త జంట కూర్చుని ఉన్నారు, ఆ అమ్మాయి ఒళ్ళో చిన్న బాబు. వాళ్ళ ముందు అదే షీట్. నేను గొంతు పెంచకుండానే అడిగాను, "తమ్ముడూ, ఈ లెక్క 2017లోనే పోయిందట కదా?" అని. ఏడాదిన్నర పాటు అన్నా అన్నా అని పిలిచినవాడు తల ఎత్తి చూసి "సార్" అన్నాడు. "సార్, నేను ఫ్లాట్ అమ్మిన, ట్యాక్స్ అమ్మలే. మీరు సాఫ్ట్‌వేర్ కదా, గూగుల్ చేసుకోరాదా?" అన్నాడు. వెనక్కి తిరిగి ఆఫీసు కుర్రాడితో "సార్‌కు వాటర్ బాటిల్ ఇచ్చి బయట కూర్చోబెట్టు" అన్నాడు.

ఆ మాట అంటూనే పేపర్‌వెయిట్ తీసి షీట్ కింది మూలన పెట్టాడు. సరిగ్గా ఆ సంవత్సరం మీద. అంటే వాడికి తెలుసు! తెలియక చెప్పాడేమో అని దారంతా సర్దిచెప్పుకుంటూ వెళ్ళిన వెధవని నేనే. ఆ అమ్మాయి భర్త వైపు తిరిగి "బాబూ, ఆ పేపర్‌వెయిట్ తీసి కింద ఏడాది చదవండి" అని గట్టిగా చెప్పి వచ్చేశాను. చదివారో లేదో తెలియదు. బాటిల్ తీసుకోలేదు, అదొక్కటే నా పౌరుషం.

ఇక మా ఓనర్స్ గ్రూపు సంగతి. ఆ షీట్ చూసి కొన్నది నేనొక్కడినే కాదని అక్కడ తేలింది. అందరం కలిసి అద్దె 5 వేలు పెంచుదామని ఒకాయన తీర్మానం. సరే అని నేనూ అడిగితే, మా ఇంట్లో ఉండే కుర్రాడు ఫోన్‌లో ఫోటో చూపించాడు, పక్క టవర్ టు-లెట్ బోర్డు. "అంకుల్, అక్కడ 26కే ఇస్తున్నారు." నాకు 41 ఏళ్ళు. ఇంకొకాయనేమో అద్దె క్యాష్‌లో తీసుకుని చూపించొద్దంటాడు. అయ్యా, వడ్డీయే అద్దెను మింగేసి ఇంకా మిగులుతుంటే ఆ అద్దె మీద మనం కట్టే పన్నే సున్నా, దాచి ఏం బావుకుంటాం? అమ్మేద్దామంటే 24 నెలలు నిండలేదు, లాభం ఏదైనా వస్తే అదీ జీతంతో కలిసి శ్లాబులోకే పోతుంది. నేనైతే 6 లక్షల ఎఫ్‌డీ తీసి లోన్‌కు కట్టేస్తున్నాను. పన్ను ఊరట లేనప్పుడు ఆ అప్పు నిజంగానే 8.75 శాతానికి పడుతోంది. ఎఫ్‌డీలో వచ్చేది 7, దాని మీద మళ్ళీ పన్ను.

లండన్ దగ్గరుండే మా బావమరిది విని పగలబడి నవ్వాడు. అక్కడ ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళకూ 2017 ఏప్రిల్ నుంచే మొదలుపెట్టి, 2020 నాటికి అద్దెలోంచి లోన్ వడ్డీ తీసేయడం పూర్తిగా ఆపేశారట, బదులుగా 20 శాతం క్రెడిట్ ఇస్తారట. దాంతో చాలామంది కంపెనీలు పెట్టి వాటి పేరు మీద కొంటున్నారట. విచిత్రమేమిటంటే వాళ్ళ దాన్నీ సెక్షన్ 24 అనే అంటారు, మన 1961 ఆదాయ పన్ను చట్టంలో ఇంటి వడ్డీదీ సెక్షన్ 24నే. "కనీసం మాకు ముందే చెప్పి, నాలుగేళ్ళలో మెల్లగా పిండారు బావా" అన్నాడు. ఓదార్పో, ఎత్తిపొడుపో.

సలహా అంటారా, నేనిచ్చే స్థితిలో ఉన్నానా? పన్ను ఆదా గడిలో సున్నా వేసి, చుట్టుపక్కల వాచ్‌మన్‌లను అడిగి తెలుసుకున్న అద్దె వేసి, అప్పటికీ ఈఎంఐ భరించగలిగితేనే కొనండి. అడ్వాన్స్ ఇవ్వకముందే సీఏకు ఒక వెయ్యో రెండు వేలో ఇచ్చి అడగండి. షీట్ కింద ఏడాది చూడండి.

ఇది రాస్తుండగానే ఆ సేల్స్ వాడి దగ్గర్నుంచి వాట్సాప్ వచ్చింది. గ్రూపు మెసేజ్, నా నంబర్ తీసేయడం మర్చిపోయినట్టున్నాడు. బోనాల శుభాకాంక్షలు, ఫేజ్ 2 బుకింగ్స్ మొదలు, ఎవరినైనా రిఫర్ చేస్తే 50 వేలు. కింద అదే షీట్. అద్దె 35 వేల నుంచి 38 వేలైంది. మూలన ఉండే ఏడాది లైను మాత్రం తీసేశాడు.