మూడేళ్లు హై-రెస్ విన్నాక నా చెవులకు తెలిసింది

నా డాక్ (పాట ఫైల్లోని అంకెలను శబ్దంగా మార్చే చిన్న పెట్టె) మీద చిన్న లైటు ఒకటి ఉంటుంది. మామూలు పాటకు ఆకుపచ్చ. సీడీ కంటే ఎక్కువ వివరంతో ఉండే హై-రెస్ పాటల్లో 96 కిలోహెర్ట్జ్ దానికి నీలం, 192 వస్తే ఊదా. మూడేళ్ల కిందట ఆ ఊదా రంగు మొదటిసారి వెలిగిన రాత్రి రెండింటి దాకా పడుకోలేదు. గాయని ఊపిరి తీసుకోవడం వినబడుతోంది, వయొలిన్లు ఏ మూల కూర్చున్నాయో తెలుస్తోంది, తాళాల మోత సన్నగా కరిగిపోతోంది. కనబడినవాళ్లందరికీ చెప్పాను.

కొన్ని నెలల తర్వాత యాప్ సెట్టింగుల్లో ఇంకేదో వెతుకుతుంటే అసలు సంగతి బయటపడింది. ఏదో అప్‌డేట్ వచ్చినప్పుడు క్వాలిటీ దానంతటదే 256 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) ఏఏసీకి, అంటే కొంత వివరం వదిలేసి కుదించిన చిన్న ఫైలుకి, దిగిపోయింది. డాక్‌ని మానిటర్ వెనక్కి జరిపాను కాబట్టి లైటు నా కంట పడలేదు. తక్కువలో తక్కువ మూడు వారాలు అలాగే నడిచింది. ఆ మూడు వారాలూ నేను గాయని ఊపిరి వింటూనే ఉన్నాను!

సిగ్గేసింది. సరే, నా చెవులు నిజంగా ఏం వింటున్నాయో తేల్చుకుందామని అప్పుడు మొదలుపెట్టాను.

ముందు ఈ అంకెల సంగతి. 1982లో వచ్చిన సీడీ 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్. సెకనుకు 44,100 శాంపుల్స్ (ఆ క్షణానికి ధ్వని ఎంత ఉందో చెప్పే కొలతలు) తీస్తే 22 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న ధ్వని మొత్తం అందులో పడుతుంది. మనిషి చెవికి పైహద్దు దాదాపు 20, అదీ చిన్న వయసులో. టోన్ జనరేటర్ పెట్టి చూసుకుంటే నాకు 15 దాటాక ఏమీ లేదు. మరి 192 కిలోహెర్ట్జ్ ఫైల్లో 22కి పైన ఉన్నదంతా ఎవరి కోసం? గబ్బిలాల కోసమేమో. శాంపుల్స్ ఎక్కువైతే మెట్లు తగ్గి గీత నున్నగా అవుతుందని ప్రకటనల్లో ఒక బొమ్మ వేస్తారు. నేనూ చాలాకాలం అదే నమ్మాను. డాక్ బయటికి పంపేది మెట్లు కాదు, ఫిల్టర్ దాటి వచ్చిన నున్నని అలే. 44.1 దగ్గర కూడా అంతే. ఇక ఒక్కో శాంపుల్‌కి 16 బిట్స్ అంటే, అతి సన్నని శబ్దం నుంచి అతి పెద్దదాని దాకా 96 డెసిబెల్స్ పరిధి. పాత టేపు రికార్డింగులు ఎంత బాగా తీసినా దానికి చాలా తక్కువే. 24 బిట్స్ స్టూడియోలో రికార్డింగ్, మిక్సింగ్ చేసేవాళ్లకు బాగా పనికొస్తాయి. మిక్స్ పూర్తయిపోయిన పాటను కూర్చుని వినేవాడికి వాటితో పెద్దగా పని లేదు.

లెక్క ఇలా చెబుతోంది కదా అని వదిలేయలేదు. చెవులతోనే తేల్చుకోవాలనిపించింది. 24/96లో (24 బిట్, 96 కిలోహెర్ట్జ్) కొనుక్కున్న ఒక పాట తీసుకుని నేనే 16/44.1కి దింపాను, దాన్ని మళ్లీ 96కి ఎక్కించాను. ఎందుకంటే రేటు మారినప్పుడల్లా మా డాక్ టిక్కుమంటుంది, ఆ టిక్కు వింటే చాలు జవాబు తెలిసిపోతుంది. ఫూబార్2000 అనే కంప్యూటర్ మ్యూజిక్ ప్లేయర్లో ఏబీఎక్స్ అని ఒక పరీక్ష ఉంది. ఏది ఏదో చెప్పకుండా వినిపించి, ఇది ‘ఏ’నా, ‘బీ’నా చెప్పమంటుంది. పదహారు సార్లలో కనీసం పన్నెండు సరిగ్గా చెబితే అది గాలివాటం కాదని అనుకోవచ్చు.

చెవులు రిక్కించి కూర్చున్నాను. మొదటి రోజు 9. రెండో రోజు 7. మూడో రోజు, ఫ్యాన్ కూడా ఆపేసి, 8. బొమ్మా బొరుసా వేసుకున్నా అంతే వచ్చేది.

నా చెవులే మొద్దు అనుకుందామంటే, 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ జర్నల్లో వచ్చిన ప్రయోగంలో జనం హై-రెస్‌నూ సీడీ స్థాయినీ 554 సార్లు పోల్చి విని 276 సార్లు సరిగ్గా చెప్పారు. సగానికి ఒకటి తక్కువ. అదే జర్నల్లో 2016లో 18 ప్రయోగాల ఫలితాలను కలిపి చూస్తే సగటు 52.3 శాతానికి వచ్చింది. ముందుగా శిక్షణ ఇచ్చిన వాళ్లలో 60 శాతం దాకా వెళ్లింది. కాబట్టి తేడా అస్సలు లేదని నేను అనను. శిక్షణ తీసుకుని, ఊపిరి బిగబట్టి వింటే అప్పుడప్పుడు దొరికే తేడా అన్నమాట. పాట వినడానికి అలా ఎవరు కూర్చుంటారు?

అలాగని అన్నీ ఒకటే అనుకోవద్దు. 128 కేబీపీఎస్ ఎంపీ3ని 16కి 15 సార్లు పట్టుకున్నాను. పట్టించింది పాట కాదు, కచేరీ చివరి చప్పట్లు. అసలు ఫైల్లో ఒక్కో చేయి విడివిడిగా వినబడుతుంది. 128లో అదంతా వేడి పెనం మీద నీళ్లు చల్లిన చప్పుడైపోతుంది. తాళాలు కూడా అంతే, మోత చివర్లో ఇసుక రాలుతున్నట్టు ఉంటుంది. 256 ఏఏసీలో మాత్రం అదే చప్పట్లలో అర సెకను ముక్కను తిప్పి తిప్పి విన్నాక 12 వచ్చాయి, తలనొప్పి కూడా వచ్చింది. పాట మొత్తం వింటే దాన్నీ పట్టుకోలేకపోయాను.

బ్లూటూత్ గురించి ఎక్కువ చెప్పను. ఏడాదిపాటు నడకకు వెళ్తూ బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో 24/192 పెట్టుకుని మురిసిపోయాను. బ్లూటూత్‌లో పాటను పంపే ఎల్‌డాక్ అనే పద్ధతి ఎంత బాగా పనిచేసినా 990 కేబీపీఎస్ దాటదు, సీడీకే 1,411 కావాలి. ఏరు నిండుగా పారుతున్నా చెంబుకు పట్టేది చెంబెడే. పైగా డేటా ఖర్చు చూడండి: మూడు నిమిషాల పాటకు 256 ఏఏసీలో సుమారు 6 ఎంబీ, 24/192లో 145 ఎంబీ అని యాపిల్ తన లెక్కల్లో తనే రాసుకుంది.

మరి చాలామందికి హై-రెస్ నిజంగానే బాగా వినిపిస్తుంది కదా? నాకూ వినిపించింది. రెండు సర్వీసుల్లో ఒకే పాట పెట్టి పోల్చినప్పుడు ప్రతిసారీ హై-రెస్‌నే సరిగ్గా గుర్తుపట్టి ఎగిరి గంతేశాను. తర్వాత మీటరు పెట్టి చూస్తే అది దాదాపు ఒక డెసిబెల్ ఎక్కువ శబ్దంతో వస్తోంది. అంత చిన్న తేడాను చెవి పెద్ద శబ్దం అనుకోదు, మంచి శబ్దం అనుకుంటుంది. వాల్యూమ్ సరిచేశాక నా ప్రతిభంతా మాయమైపోయింది. పోల్చాలనుకునేవాళ్లు ముందు ఈ ఒక్కటి సరిచూసుకోండి.

హై-రెస్ కంటే నాకు ఎక్కువ మార్పు తెచ్చింది ఇయర్‌ఫోన్ రబ్బరు టిప్స్ సైజు. ఎడమ చెవికి ఒక సైజు పెద్దది పెట్టగానే, ఇన్నాళ్లూ లేని బేస్ వచ్చి కూర్చుంది. ఎంఎక్యూఏ అనే హై-రెస్ ఫైలు రకం కోసమని ప్రత్యేకంగా కొన్న పాత డాక్ ఇప్పుడు సొరుగులో ఉంది. ఆ ఎంఎక్యూఏ కంపెనీ 2023లో ఇన్సాల్వెన్సీకి (దివాలాకు) వెళ్లింది, మరుసటి ఏడాది టైడల్ అనే పాటల సర్వీసు కూడా దాన్ని తీసేసి, వివరం వదలని ఫ్లాక్ ఫైళ్లకు మారిపోయింది.

ఇప్పుడు నా సెట్టింగ్ ఇంట్లో వైఫై మీద సీడీ స్థాయి లాస్‌లెస్ (ఏ వివరమూ వదలకుండా కుదించింది), బయట 256. లాస్‌లెస్ ఎందుకంటే చాలా సర్వీసుల్లో దానికి విడిగా డబ్బు కట్టక్కర్లేదు, పైగా క్వాలిటీ గురించి టెన్షన్ పడటం మానేయొచ్చు. హై-రెస్ ఆఫ్.

ఒక్క పాత ఆల్బమ్‌కి మాత్రం హై-రెస్ ఫైలే తీసుకున్నాను. దాని సీడీ వెర్షన్లో శబ్దాన్ని పిండి పిండి పెంచేశారు, డ్రమ్ దెబ్బ పడ్డప్పుడల్లా గొంతు నలిగిపోతుంది. హై-రెస్ కోసం టేపు నుంచి కొత్తగా మాస్టరింగ్ (విడుదలకు ముందు శబ్దాన్ని చివరిసారి సరిచేయడం) చేశారు, దెబ్బ దెబ్బగానే ఉంది, గొంతు గొంతుగానే ఉంది. అనుమానం తీరక దాన్నీ 16/44.1కి దింపి చూశాను. అలా దింపినా సీడీ కంటే అదే బాగుంది, హై-రెస్ ఫైలు ఏదో, దింపింది ఏదో మళ్లీ నాకు తెలియలేదు. పెద్ద ఫైలు డిలీట్ చేసి చిన్నదే ఉంచుకున్నాను.