దాస్‌గుప్తా ఐదు వాల్యూములు కొనాలా అని అడిగేవాళ్లకి

సురేంద్రనాథ్ దాస్‌గుప్తా రాసిన ఎ హిస్టరీ ఆఫ్ ఇండియన్ ఫిలాసఫీ సెట్ తెప్పించుకుని రెండేళ్లయింది, మోతీలాల్ బనారసీదాస్ వాళ్ల రీప్రింట్. మొత్తం ఇంకా చదవలేదు, ఇది అలా చదివేసే పుస్తకం కాదు కూడా, ఎక్కడైనా ఒక మాట అర్థంకాక ఆగిపోయినప్పుడు తీసి చూసుకునేది. నేనైతే వారానికి ఒక్కసారైనా తీస్తాను.

మొదటి వాల్యూం 1922లో కేంబ్రిడ్జి వాళ్లు వేశారు, ఐదోది 1955లో వచ్చింది, ఆయన 1952లోనే పోయారు, భార్య సురమా దాస్‌గుప్తా దాన్ని బయటికి తెచ్చారు. ముప్పై ఏళ్లకి పైగా ఒక్క మనిషి సంస్కృత మూలాలు ముందు పెట్టుకుని చేసిన పని అంటే దండం పెట్టాలనిపిస్తుంది.

నాకు బాగా నచ్చింది రెండో వాల్యూంలో ఆయుర్వేదం మీద చాప్టర్, 150 పేజీలకి పైనే ఉంది. ఫిలాసఫీ పుస్తకంలో చరకుడికి ఏం పని అనుకున్నా మొదట్లో, కానీ వైద్యులు రోగానికి కారణం ఏంటని వాదించుకునే పద్ధతిలోంచే మన తర్కం పుట్టి ఉంటుందని ఆయన చూపిస్తుంటే పుస్తకం కింద పెట్టబుద్ధి కాలేదు. మా మరదలు బీఏఎంఎస్, అంటే ఆయుర్వేద వైద్యం డిగ్రీ చదువుతోంది, ఆ చాప్టర్ చూపిస్తే ఆ వాల్యూం పట్టుకెళ్లి నెల తర్వాత గానీ తిరిగివ్వలేదు, పేజీల నిండా పెన్సిల్ గీతలే.

మూడో వాల్యూం చివర అనుబంధంలో చార్వాకుల గురించి, అంటే పరలోకం లేదు, కంటికి కనిపించేదే నిజం అన్నవాళ్ల గురించి ఉంది, ప్రత్యర్థులు తిడుతూ ఉదహరించిన ముక్కల్లోంచి వాళ్ల మాటలు ఏరి తెచ్చారు. ఐదోది సన్నగా ఉంటుంది, దక్షిణాది శైవం అంతా అందులోనే, బ్రహ్మసూత్రాలకి శ్రీకర భాష్యం అనే వ్యాఖ్యానం రాసిన శ్రీపతి పండితుడి గురించి కూడా ఉంది, మన వీరశైవ సాహిత్యం చదివేవాళ్లు తప్పకుండా చూడాలి.

లోపాలు లేవని కాదు. బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడి శూన్యవాదానికి (దేనికీ దానంతట దానికి సొంత ఉనికి లేదనే వాదం) నిహిలిజం, అంటే అసలేమీ లేదనే వాదం అని హెడ్డింగ్ పెట్టారు, అది నాకు అస్సలు మింగుడుపడదు, శూన్యం అంటే ఏమీ లేకపోవడం అనే అర్థాన్ని నాగార్జునుడే ఒప్పుకోలేదు కదా. బౌద్ధం భాగం వరకు తర్వాత వచ్చిన పుస్తకాలు పక్కన పెట్టుకోవాల్సిందే. ఇంకోటి, సంస్కృతం అంతా ఇంగ్లీషు లిపిలో చుక్కలూ గీతలూ పెట్టి ఇచ్చారు, దేవనాగరి గానీ తెలుగు గానీ అలవాటైన కంటికి మొదటి నెల కష్టమే.

నాకు ఆన్‌లైన్‌లో అమ్మినతను పంపిన సెట్‌లో నాలుగో వాల్యూం అట్ట తడిసి ఉబ్బిపోయి వచ్చింది, ఫొటోలు పెడితే మార్చిచ్చాడు కానీ మూడు వారాలు పట్టింది, కాబట్టి పార్సిల్ విప్పేటప్పుడే వీడియో తీసి పెట్టుకోండి.

డబ్బు పెట్టే ముందు చూసుకోవాలంటే మొదటి వాల్యూం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే పాత పుస్తకాల సైట్‌లో ఫ్రీగా ఉంది, అందులో న్యాయ వైశేషికాల (తర్కం, పదార్థాల గురించి చెప్పే రెండు దర్శనాలు) చాప్టర్ ఓ ఇరవై పేజీలు చదవండి, అక్కడ ఆసక్తి పుడితే సెట్ కొనేయండి.